నాయన కువైట్ నుంచి తెచ్చిన సీకో 5 వాచీ అమ్మాలి. డయల్ కంపెనీదేనా, కాదా?

రాజంపేట_తోట:

అందరికీ నమస్కారం. మాది రాజంపేట దగ్గర పల్లె, అరటి తోట ఉంది. మా నాయన 1983 నుంచి 1990 దాకా కువైట్‌లో డ్రైవరుగా పనిచేసినాడు. పోయిన మొదటి ఏడాదే జీతంలో మిగిల్చి కొనుక్కున్న వాచీ ఇంట్లో ఉంది, సీకో 5 ఆటోమేటిక్. ఇప్పుడు ఆయనకు 71 ఏళ్లు. చూపు తగ్గి ముళ్లు కనబడడం లేదు. "బీరువాలో పడి ఆగిపోయేదానికన్నా కట్టుకునేటోళ్లకు ఇచ్చేయ్ రా" అని ఆయనే చెప్పినాడు.

కడపలో ఒక అంగడిలో చూపిస్తే చేతిలోకి తీసుకుని అర నిమిషం కూడా చూడలేదు. "ఇది బొంబాయి మాలు, పదిహేను వందలు ఇస్తా" అన్నాడు. ఫోన్లో ఫోటోలు చూసిన ఇంకొకాయన మాత్రం అంతా ఒరిజినలే అని నేను రాసిస్తే ఆరు వేలు ఇస్తానంటున్నాడు. నాకు వాచీల సంగతి తెలీదు. రాసివ్వడానికి చెయ్యి ఆడటం లేదు.

నాకు కనిపించినవి చెప్తా. డయల్ ముదురు నీలం. పైన సీకో, దాని కింద 5 గుర్తు, ఆటోమేటిక్ అనే అక్షరాలు. వెనక మూత మీద 7009తో మొదలయ్యే నంబరు ఒకటి, విడిగా ఆరంకెల నంబరు ఇంకొకటి ఉన్నాయి. ఈ రెండోది 35తో మొదలవుతుంది. చైను కంపెనీది కాదు, నేను చదువుకునేటప్పుడే మార్చినాం. అనుమానాలు మూడు. వారం చూపించే చోట ఒక్కోసారి అరబ్బీ అక్షరాలు వస్తాయి, లోపలిది ఎవరన్నా మార్చినారా? కీ ఎంత తిప్పినా బిగుసుకోదు, చెడిపోయిందా? డయల్ అడుగున ఏమీ రాసి లేదు, ఉండాలా?

ధర సంగతి తర్వాత చూసుకుంటా. కొనేవాళ్లకు నేను ఏమని చెప్పాలో ముందు తెలియాలి. ఫోటోలు నాలుగు పెట్టినాను.


గుంటూరు_వాచీపని:

బాబూ, గుంటూరులో ముప్పై నాలుగేళ్లుగా ఇదే నా పని. మీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మీ అనుమానాల్లో రెండు వదిలేయండి. మూడోదాంట్లోనే అసలు విషయం ఉంది.

వెనక మూతతో మొదలుపెడతాను. 7009 అంటే మిషన్ రకం, పదిహేడు రాళ్లది (మరలు అరక్కుండా వాటి ఇరుసుల దగ్గర పెట్టే చిన్న రాళ్లు). ఆరంకెల నంబరులో మొదటి అంకె ఆ సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరుకి సున్నా, నవంబరుకి ఎన్, డిసెంబరుకి డి వేసేవారు. మీది 35 కాబట్టి మూడుతో ముగిసే ఏడాది, మే నెల. 1973కి ఈ మిషనే రాలేదు. 1993 అనుకుందామంటే మీ నాన్నగారు 90లోనే వచ్చేశారు. అంటే 1983 మే. ఆయన అక్కడికి వెళ్లిన ఏడాదితో సరిపోయింది చూడండి.

అరబ్బీ అక్షరాలు ఎవరూ మార్చినవి కావు. గల్ఫ్‌లో అమ్మిన సీకోల్లో వారం చక్రం మీద ఇంగ్లీషు పేరు, అరబ్బీ పేరు పక్కపక్కనే ఉంటాయి. ఏ భాష కావాలంటే అది పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి వారం మారేటప్పుడు కాసేపు రెండో భాష కనిపించి, తర్వాత మళ్లీ మనం పెట్టుకున్న భాషలోకి జరుగుతుంది. మీరు చూసింది అదే. ఈ వాచీ గల్ఫ్ కోసం తయారైందని చెప్పే గుర్తు అది. దాన్ని పొరపాటున కూడా మార్పించకండి.

కీ సంగతి. 7009కి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. లోపల అర్ధచంద్రంలా ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడు అది ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది. పక్కకి తిప్పుతూ ఒక నిమిషం మెల్లగా ఊపి, చేతికి కట్టుకుని తోటలో ఒక చుట్టు తిరిగి రండి. కీ లాగినా సెకన్ల ముల్లు ఆగకపోవడం కూడా ఈ మిషన్‌కి మామూలే. ఎవరైనా అది లోపమని ధర తగ్గించమంటే ఒప్పుకోకండి.

ఇక డయల్. ఆరు గంటల గుర్తు కింద, డయల్ అంచు మీద, భూతద్దం పెడితే తప్ప కనపడనంత సన్నటి అక్షరాల్లో జపాన్ అనే మాటా, 7009తో మొదలయ్యే నంబరూ ఉండాలి. ఆ మొదటి నాలుగంకెలూ మూత మీదవాటితో కలవాలి. తర్వాతి అంకెలు మూత మీదవాటితో అచ్చంగా కలవకపోయినా తప్పులేదు, అది చూసి చాలామంది కంగారుపడి మంచి వాచీని అనుమానిస్తారు. మీ డయల్ మీద ఆ వరసే లేదు. తేదీ కిటికీ అంచున రంగు మందంగా పేరుకుంది. ఆటోమేటిక్ అన్న అక్షరాల అంచులు ఉబ్బి ఉన్నాయి, కంపెనీ అచ్చు కత్తిరించినట్టు ఉంటుంది. ఎనిమిది దగ్గర గంట గుర్తుగా అతికించిన కడ్డీ నిమిషం గీత మీద కాకుండా పక్కకి పడింది. ఎవరో కడ్డీలన్నీ పీకి, రేకుకి రంగు వేసి, మళ్లీ పెట్టారు. నా లెక్కలో ఇది తిరిగి రంగు వేసిన డయల్.

రేకు మాత్రం దీనిదే కావచ్చు. అది తెలియాలంటే నమ్మకమైనవాడి దగ్గర, మీ ఎదురుగా మూత విప్పించి మిషన్ బయటికి తీయించండి. డయల్ వెనక రెండు చిన్న కాళ్లుంటాయి, అవి మిషన్‌లోని చిల్లుల్లో దిగి కూర్చోవాలి. వేరే వాచీ డయల్ తెచ్చి బిగించేవాళ్లు ఆ కాళ్లు కోసేసి బంకతో అతికిస్తారు. మిషన్ మీద 7009ఏ అని ఉందో లేదో కూడా అప్పుడే చూసి ఫోటో తీసుకోండి.

ఒక్క మాట. డయల్‌ని తుడవకండి, తుడవనివ్వకండి. తిరిగి వేసిన అక్షరాలకి స్పిరిట్ తగిలితే దూదికి అంటుకుని వచ్చేస్తాయి. నా చేతుల్లోనే ఒకసారి అలా జరిగింది. ఆ వాచీ తెచ్చిన పెద్దమ్మ ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.


పాత_సీకోలు (హైదరాబాద్):

పెద్దాయన చెప్పినదాంతో ఏకీభవిస్తాను. నేను అమ్మను, సేకరిస్తాను. పన్నెండేళ్లుగా సీకోలు, హెచ్ఎంటీలు కొంటున్నాను కాబట్టి మోసపోయిన అనుభవం బాగానే ఉంది.

కడప అంగడాయన బొంబాయి మాలు అన్నది మాత్రం తప్పు. ముంబైలో రిపేరీ వాచీలు తయారుచేసే పద్ధతి వేరు. నాలుగు వాచీల భాగాలు కలిపి ఒకటి చేస్తారు. నారింజ, చిలకపచ్చ రంగుల్లో డయల్ వేస్తారు, కేసు, అంటే వాచీ బయటి లోహపు గూడు, మొత్తాన్ని అద్దంలా రుద్దేస్తారు. హెచ్ఎంటీలకీ ఇదే జరుగుతోంది. ఆ కంపెనీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కొత్తవి ఇక రావేమో అనుకుని వాటి మీద మోజు పెరిగింది. పాత మిషన్‌కి కొత్త రంగు డయల్ వేసి హెచ్ఎంటీ పైలట్ మోడల్ అని అమ్మేవాళ్లకి అదే అదను అయింది.

మీ కేసు చూడండి. పైభాగంలో సన్నటి గీతల మెరుగు ఇంకా ఉంది. చైను దిగే కొమ్ముల అంచులు పదునుగా ఉన్నాయి. దాన్ని ఎవరూ రుద్దలేదు. ముళ్ల మీద చీకట్లో వెలిగే పూత పాలిపోయి ఉంది. 1983 వాచీ ముళ్లు చీకట్లో పచ్చగా ధగధగమంటే నేను అనుమానిస్తాను, మీవి అలా లేవు. కేసు, మూత, వారం చక్రం, ముళ్లు అన్నీ కలిసి పుట్టినవే అనిపిస్తోంది. డయల్ ఒక్కటే తర్వాత ఎప్పుడో మారింది.

మాలాంటివాళ్లం డయల్ మారిందంటే ధర బాగా తగ్గిస్తాం, దాచడం ఎందుకు. మిషన్ ఆగిపోయినా బాగుచేయించుకోవచ్చు. పోయిన డయల్‌ని తిరిగి తేలేం. అందుకే అడుగుతున్నాను, మీ నాన్నగారు కువైట్‌లో తీయించుకున్న ఫోటో ఏదైనా ఉందా? చేతికి వాచీ ఉన్నది. ఉంటే అప్పటి డయల్ ఏ రంగులో ఉందో తెలిసిపోతుంది. ఆయన్ని కూర్చోబెట్టి అడిగారా?


నెల్లూరు_బజారు:

తమ్ముడూ, ఇంత ఆలోచన ఎందుకు? వాచీ నడుస్తోంది, పేరు సీకో, కొన్నది మీ నాయన. కొనేవాడు డయల్ గురించి అడిగితే చెప్పు, అడక్కపోతే చెప్పకు. ఆరు వేలు ఇస్తానన్నవాడు ఫోటోలు చూసే ఇస్తానంటున్నాడు, చిన్నపిల్లాడేం కాదు. పాత సామాన్ల వ్యాపారంలో అందరూ చేసేది ఇదే. ఈ నెల అరటి రేటు కూడా నీకు తెలుసు కదా.


రాజంపేట_తోట:

బజారు అన్నా, అరటి రేటు తెలుసు కాబట్టే రెండు రాత్రులు ఆలోచించినా. అడక్కపోతే చెప్పకు అనేదానికి ఇక్కడ చోటు లేదన్నా. ఒరిజినల్ అని రాసివ్వమనే కదా ఆయన అడుగుతున్నాడు.

హైదరాబాద్ సార్ చెప్పినట్టు ట్రంకు పెట్టె దించినాం. ఫోటో దొరికింది. నాయన ఒక పికప్ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, వెనకంతా ఇసుక. వెనకవైపు ఆయన చేతిరాత, 'ఫహాహీల్, 1984'. ఫహాహీల్ కువైట్‌లో ఊరు. రంగుల ఫోటోనే. ఫోన్లో తీసి పెద్దది చేసినాను. ఎడమ చేతికి ఇదే వాచీ, ఇదే కేసు. డయల్ మాత్రం తెల్లగా, వెండిలా మెరుస్తా ఉంది. నీలం కాదు.

ఫోటో తీసుకపోయి నాయనకు చూపించినా. "అవును, తెల్లదే కదా" అన్నాడు, అదేదో నాకు ఎప్పుడూ తెలిసిన సంగతే అయినట్టు. మేము ఏనాడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు చెప్పినాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. షేటు, అంటే నాయన యజమాని, ఊర్లో లేడు, రెండు నెలల జీతం రాలేదు. నాయనా, మన పక్క ఊళ్లోళ్లు ఇంకో ఆరుగురు కలిసి బస్సుకు డబ్బులు ఏసుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరినారు. ఎడారిలో డేరాలు. పన్నెండు రోజులు ఉన్నారంట. రాత్రిళ్లు దొంగతనాలు జరుగుతున్నాయని ఆయన వాచీని గుడ్డలో చుట్టి నీళ్ల క్యానులో ఏసినాడు. "వాటర్ రెసిస్టెంట్ అని రాసిండ్లా దాని మీద, ఏమీ కాదనుకుంటి" అన్నాడు. ఏడేళ్ల వాషరు కదా, నీళ్లు దిగినాయి. అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కేటప్పటికి అద్దం లోపల ఆవిరి పట్టి ఉందంట. ఆ రెండు నెలల్లో అట్లా అమ్మాన్ మీదుగా లక్ష మందికి పైగా మనోళ్లను విమానాల్లో తెచ్చినారని నేను తర్వాత చదివినా. అందులో మా నాయన ఉన్నాడని తెలుసు, ఆ నీళ్ల క్యానులో వాచీ ఉందని మాత్రం తెలీదు.

ఇంటికొచ్చే నాటికి డయల్ మీద గోధుమరంగు మచ్చలు పడినాయంట. 91లో రాజంపేట బజారులో రిపేరీ చేసే ఆయనకు ఇచ్చినాడు. మిషన్ ఇక్కడే కడిగి నూనె ఏసి నడిపించినారు. డయల్ మాత్రం మద్రాసు రైల్లో ఎవరి చేతనో పంపిస్తే నెలన్నరకు వచ్చింది. తెల్లగా ఏయమంటే నీలం ఏసి పంపినారు. మళ్లీ పంపితే మళ్లీ డబ్బులు. "నీలమైతే ఏంది, టైం చూపిస్తా ఉంది కదా అనుకుంటి. అప్పుడు నీకు స్కూలు ఫీజు కట్టాల" అన్నాడు.

నిన్న తిరుపతిలో మూత విప్పించినా. నేను పక్కనే కూర్చున్నా. మిషన్ మీద 7009ఏ ఉంది. డయల్ కాళ్లు రెండూ ఉన్నాయి, బంక లేదు. రేకు దానిదే.

ఇప్పుడు చెప్పండి, ఏమని రాయాలి?


గుంటూరు_వాచీపని:

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను, బాబూ. మా వీధిలో కూడా ఆ విమానాల్లో వచ్చినవాళ్లు ఇద్దరున్నారు.

నెల్లూరు మిత్రునికి ఒకటి చెప్పాలి. కొనేవాడు ఫోటో చూసి కొంటున్నాడు నిజమే. కానీ వాచీ ఇంటికొచ్చాక మొదట తీసుకెళ్లేది మాలాంటివాడి దగ్గరికే. మేం మూత విప్పి, సార్ మీది రీడయల్, అంటే తిరిగి రంగు వేసిన డయల్ అని చెప్పినప్పుడు వాళ్ల ముఖంలో వెలుగు ఆరిపోవడం నెలకి నాలుగైదు సార్లు చూస్తాను. ఆ మాట చెప్పాల్సింది అమ్మినవాడు, చెప్పే కష్టం మాకు పడుతోంది. అడక్కపోతే చెప్పకపోవడం ఎంత చిన్న విషయంగా కనిపించినా, బల్లకి ఇవతల కూర్చున్నవాడికి అది అబద్ధంగానే కనిపిస్తుంది.

రాయాల్సింది ఇలా రాయండి. 'సీకో 5, 7009 మిషన్, 1983 మే తయారీ. కువైట్‌లో కొన్నది, ఇంగ్లీషు–అరబ్బీ వారం. కేసు, మూత, ముళ్లు, మిషన్ మొదటివే, కేసు మెరుగు పెట్టలేదు. డయల్ రేకు మొదటిదే, కాని 1991లో తిరిగి రంగు వేసినది, మొదట తెల్లది. చైను మార్చినది. ఒకసారి లోపలికి నీళ్లు దిగాయి, తర్వాత సర్వీసు జరిగింది.' నీళ్ల సంగతి వదలొద్దు. ఎప్పుడో దిగిన నీళ్లకి ఇప్పుడు ఎక్కడో ఒక మర మీద తుప్పు బయటపడొచ్చు. ఒరిజినల్ అన్న మాట విడిగా ఎక్కడా వాడకండి. ఏది మొదటిదో, ఏది మారిందో భాగం పేరు పెట్టి చెబితే ఆ మాట అవసరమే రాదు.

పంపే ముందు వాషరు మార్పించండి. అయినా నీళ్లలో వాడొద్దని కొన్నవాళ్లకి చెప్పండి.


పాత_సీకోలు (హైదరాబాద్):

ఆ రాత బాగుంది. ఫోటోలు అయిదు పెట్టండి: ఎదురుగా డయల్, మూత, మిషన్, కేసు పక్కభాగం, వారం అరబ్బీలో ఉన్నప్పటిది ఒకటి. డయల్ ఫోటో పగటి వెలుతురులో తీయండి, లోపాలు కనిపించేలా. ఆరు వేలు రావు, నిజం చెబుతున్నాను. నేనైతే మూడున్నర దాకా పెడతాను. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తే సంతోషం.

పాత తెల్ల డయల్ వెతికి వేయించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. అప్పుడది ఇంకో వాచీ డయల్ అవుతుంది. ఇప్పుడున్నది రంగు మారినా దీని రేకే.


జగిత్యాల_షార్జా:

అన్నా, నేను షార్జాల పనిచేస్త. మా బాపు గూడ దుబాయిల ఉన్నప్పుడు ఇసోంటిదే కొనుక్కున్నడు. శుక్రవారం నాడు వారం అరబ్బీల పెట్టుకునేటోడంట, మిగతా రోజులల్ల ఇంగ్లీషు. మా అక్క పెండ్లికి పైసలు తక్కువపడి ఊర్ల ఎవరికో అమ్మేసిండు. ఎవరికి అమ్మిండో ఇప్పుడు ఆయనకు యాదిలేదు. నేను రెండేండ్ల సంది అసోంటి దానికోసం చూస్తున్న. ఇక్కడ దుకాండ్లల్ల దొరికేటివి కొత్త డయల్ ఏసినయే, అడిగితే అంత ఒరిజినలే అంటరు.

నీలిది అయితే నీలిదే. నువ్వు రాసినయన్ని చదివిన. నాలుగు వేలు ఇస్త. వచ్చే నెల సెలవుల మీద ఊరికొస్తున్న, జగిత్యాలకు పంపియ్యి. బాపు చేతికే కడత. ఆ ఫహాహీల్ ఫోటో గూడ వాచీతోని ఇస్తవా?


రాజంపేట_తోట:

హైదరాబాద్ సార్, మీ మూడున్నరకు థాంక్స్, ఏమీ అనుకోవద్దు. జగిత్యాల అన్నకే ఇచ్చినాం. వాళ్ల బాపు చేతికి కడతాడని చదివి వినిపిస్తే నాయన "ఆ పిల్లోనికే పంపు" అన్నాడు. ఆరు వేల ఆయనకు గుంటూరు పెద్దాయన రాసిన నాలుగు వరసలే పంపినా, బదులు రాలేదు.

వాషరు మార్పించినా. పంపే ముందు రోజు నాయన దాన్ని చేతికి కట్టుకుని తోటలో నీళ్ల గేటు దాకా పోయి వచ్చినాడు. టైం కనబడదు కాబట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నిన్న స్పీడ్ పోస్టులో రాజంపేట నుంచి పోయింది, డబ్బా లోపల పాత ధోవతి గుడ్డ చుట్టినాం. ఫోటో మాత్రం నాయన ఇవ్వలేదు. కాపీ తీయించి పెట్టినా, వెనక 'ఫహాహీల్, 1984' అని ఆయన చేతే మళ్లీ రాయించినా.